ఒకే నంబరున్న రెండు డబ్బాలు

"గ్లాసు కూడా సరిగ్గా అట్టుకోనేవేటి మావా? విమానం కూల్సీసిన సెయ్యి గదా, దాని బుద్ది ఎక్కడికి పోద్ది!"

"అవునే. ఆ సెయ్యే ఇది."

అంతే. నాకూ నా పెనిమిటికీ మధ్య ఆఖర్న నడిసిన మాటలు అయ్యే. టీ సగం పంచె మీద ఒలికిపోయింది. నవ్వుకుంటా లేచి, పంచె మార్సుకుంటానని గదిలోకి ఎల్లాడు. నాను గుడ్డ తెచ్చి అరుగు తుడుత్తన్నాను. లోపల ఏదో పడ్డ సప్పుడైంది. "మళ్లీ ఏటి పడగొట్టావ్?" అని కేకేసాను. పలకనేదు. నాను తుడవడం ఆపనేదు కూడాను. అరుగు ఆ కొసదాకా తుడిసి, గుడ్డ పిండి, తీగ మీద ఆరేసి, అప్పుడెల్లి సూసాను. ట్రంకుపెట్టి పక్కన, పొడి పంచె సేతిలో అట్టుకుని పడున్నాడు. పొద్దున్న తొమ్మిదన్నా కానేదు.

రాయి సుజాతా. నువ్వు మా ఆడబడుచు కూతురివి, బడిలో పాఠాలు సెప్తావు, నీ రాత అందంగా ఉంటాదని అందరూ అంటారు. నాకు సంతకం ఒక్కటే వొచ్చు, అదీ మీ మావే నేర్పాడు. నాను ఎలా సెప్తే అలా రాయి. అత్త మాట మోటుగా ఉందని సర్దీకు. పదకొండో రోజుదాకా నాను ఏడవనేదని ఈదిలో ఆడోళ్లు సెవులు కొరుక్కున్నారు. నిజమే, రానేదు. రాయిలా కూకున్నాను. పదకొండో రోజున జాన్ మాస్టారొచ్చి ఒక మాట సెప్పాడు. అది ఇన్న కాడినించి నా ఒళ్లు నా ఒళ్లులా నేదు. కూరలో ఉప్పేసానో నేదో తెలవదు. దార్లో నడుత్తా నడుత్తా ఆగిపోతన్నాను. ఆ మాట సెప్పాలంటే ముందు ఆ రోజుల సంగతి సెప్పాలి.

నాను యారాడ పిల్లని. మా అయ్య, మా అన్న దాలయ్య, అందరం సముద్రం మీద బతికినోళ్లమే. మీ మావ పోర్టులో ఒక కంట్రాక్టరు కాడ క్రేను నడిపీవోడు. పాత ఊళ్లో పోర్టు గోడకి ఇవతల రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో తెల్లసీర అన్నదే ఉండేది కాదు. పొద్దున్న ఆరేత్తే మద్దినేళకి ఓడలకెత్తే ఇనపరాయి దుమ్ము పట్టి ఎర్రగా అయిపోయేది. అందుకని మా అత్త, అంటే మీ అమ్మమ్మ, బట్టల్ని ఇంట్లోనే దండేనికి ఆరేయించేది. ఆ తడిబట్టల వాసనా, అటక మీద ఎండుసేపల వాసనా, ఆవిడ సుట్ట వాసనా కలిసి ఉండేయి. ఆవిడ సుట్ట నిప్పుని నోట్లో ఎట్టుకుని కాల్సేది, అడ్డపొగ. నోట్లో నిప్పుతోనే మాటాడీది, తిట్టీది, కోడిని అదిలించీది. నాకైతే ఆవిడ తిట్లు కూడా కాలినట్టే ఉండీయి. నా పెళ్లైన నెలలోనే మా అయ్య తెప్ప మునిగిపోయింది. మనిషి బతికి ఒచ్చాడు గానీ తెప్పా, వలా పోయినాయి. ఇంక అక్కణ్ణించి మా అత్తకి నాను దొరికిపోయాను. పాలు ఇరిగితే నానే. దీపం కొండెక్కితే నానే. "ఇది అడుగెట్టిన కాడల్లా మునుగుద్ది" అనీది, ఇంటికొచ్చినోళ్లందరి ముందూ.

మీ మావకి బొమ్మవిమానాల పిచ్చి జాన్ మాస్టారు అంటించాడు. ఆయన బడిలో బొమ్మలేయడం నేర్పే మాస్టారు. తేలిక సెక్కని బ్లేడుతో కోసి, ఎముకల్లా పేర్చి, పల్చటి కాయితం అతికించి, దాని మీద ముక్కులు అదిరిపోయే మందు పూసేవోడు. రెక్క ఈ కొస నించి ఆ కొసకి నా రెండు సేతులూ సాపినంత. ముందు నిమ్మకాయంత ఇంజనొకటి. దాని నూనెలో ఆముదం కలిపేవోరు. అది తిరిగిందంటే ఆ మాడిన ఆముదం వాసన మీ మావ సొక్కాకి వారం రోజులు పోయేది కాదు. మా అత్త ఆ సొక్కా సూసి, "ఓలమ్మో, ఇంట్లో బాలింతరాలు నేదు, పసికందు నేదు, ఈ ఆముదం కంపేట్రా?" అనీది. "విమానం కన్నాదమ్మా, పిల్ల పుట్టింది" అనీవోడు మీ మావ. ఆవిడ కూడా నవ్వీసేది, సుట్ట పడిపోకుండా.

ఆదివారం మాస్టారు చర్చి నించి తిన్నగా బస్టాండుకొచ్చీవోడు. మీ మావా, ఇంకో నలుగురూ రెక్కల్ని నా పాత సీరల్లో సుట్టి బస్సు మీద కట్టీవోరు. భీమిలి దాటాక ఇసక మైదానం ఒకటుంది, అక్కడ దిగీవోరు. నన్నూ తీసుకెల్లీవోడు. ఆ రోజుల్లో పెళ్లాన్ని అలా ఎంట తిప్పే మగోడు మా ఈదిలో నేడు. "సద్దిమూట మొయ్యడానికి" అనీవోడు మా అత్తతో. నాతో, "నువ్వు గాలి సెప్తావే, నాకు తెలవదు" అనీవోడు. అది నిజమే. ఎటేపు గాలి తిరగబోతాదో మా యారాడోళ్లకి బుగ్గ మీద తెలిసిపోద్ది.

అక్కడొక కట్టుబాటుండేది. విమానాన్ని కిందనించి నడిపే రేడియో డబ్బాకి లోపల గోరంత బిళ్ల ఉంటాది, క్రిస్టలంటారు. దాన్ని బట్టి డబ్బాకి ఒక నంబరు. ఒకే నంబరు డబ్బాలు రెండు ఒక్కసారి పలికాయంటే గాల్లో ఉన్న విమానానికి ఎవరి మాట ఇనాలో తెలవక తలకిందులైపోద్ది. అందుకని ఇసకలో సెక్కపలక ఒకటి పాతీవోరు. దాని మీద బట్టల క్లిప్పులు, నంబరుకి ఒకటి. నాలాంటి సదువురానోళ్లకి తెలిసీలా వాటికి రంగుగుడ్డలు. నీ రంగు క్లిప్పు పలక మీద ఉంటే తీసి నీ ఏరియల్‌కి ఎట్టుకుని, నలుగురికీ ఇనబడేలా "నీలం నాది" అని కేకేసి, అప్పుడే స్విచ్చు ఏయాలి. పలక మీద క్లిప్పు నేదంటే సెయ్యి జేబులో ఎట్టుకుని కూకోవాలి. ఆ క్లిప్పులు మా ఇంటియే. నానిచ్చాను.

అలాంటప్పుడు ఓడలో వంటోడొకడు, మీ మావ సావాసగాడు, ఎక్కడినించో రెండు డబ్బాలు తెచ్చాడు. "నచ్చింది నువ్వుంచుకో బావా, రెండోది మాస్టారికిచ్చీ" అని ఎల్లిపోయాడు. ఒకటి తెల్లది, రేకుది, బరువు. విమానాన్ని తిప్పే పుల్లలు బిర్రుగా ఉంటాయి, వదిలితే టక్కుమని మజ్జికి ఒచ్చేత్తాయి. రెండోది నల్లది, తేలిక, పుల్లలు ఎన్నలా కదుల్తాయి. మూడు వారాలు తేల్సుకోనేపోయాడు మనిషి. అన్నం ముందు కూకుని కుడిసేతిలో ముద్ద, ఎడమసేతిలో పుల్ల. "తెల్లది నమ్మకమే, పెద్దకోడల్లాగ. నల్లది సెప్పకముందే పని సేసేత్తాది, అదే భయం" అనీవోడు. మాస్టారేమో, "మెత్తగా ఉన్నది మంచిదయ్యా సింహాచలం, చేతికి అలుపు రాదు" అనీవోడు. మావ, "క్రేను మీద మెత్తటి లివరిచ్చి సూడండి మాస్టారూ, ఎవుడి నెత్తి మీద దింపుతానో" అనీవోడు. ఆఖరికి తెచ్చి నా ఒళ్లో ఎట్టాడు. "వల అల్లే సెయ్యి గదే నీది. దారం బిగువు కళ్లు మూసుకుని సెప్తావు. ఏది మంచిదో సెప్పు." ఓలమ్మ, అంతకుముందు గానీ ఆ తరవాత గానీ నన్నెవరూ అలాటి మాట అడగనేదు సుజాతా. నా పెనిమిటి అడిగాడు. నాను ఎంత పొంగిపోయానో ఎలా రాత్తావో రాయి.

రెండు డబ్బాలూ ఒకే నంబరువి, ఒకే నీలం క్లిప్పు. వేరే బిళ్ల కావాలంటే ఆ వంటోడు మళ్లీ రావాలి. అందుకని ఆ ఆదివారం ఒకదాని తరవాత ఒకటి సూడాలనుకున్నారు. మాస్టారు ఏడాదిపాటు కట్టిన పెద్ద విమానం అదే రోజు మొదటిసారి ఎగరడం. తన సెయ్యి వొణుకుద్దని మాస్టారే మావ సేతికిచ్చాడు. "నీ చెయ్యి క్రేను చెయ్యి, జారదు" అన్నాడు. మావ తెల్ల డబ్బాకి నీలం క్లిప్పు ఎట్టుకుని కేకేసాడు. ఇంజను గీమంది. లేచింది సూడు, గద్ద లేచినట్టు లేచింది. అందరి తలకాయలూ పైకే. నల్ల డబ్బా నా ఒళ్లో ఉంది.

నాను ఏటనుకున్నానో సెప్తాను, ఇది సరిగ్గా రాయి. మా అన్న దాలయ్య మరబోటులో వైర్లెస్ డబ్బా ఒకటుండేది. దాన్ని స్విచ్చేత్తే వేరే బోటులోల్ల మాటలు ఇనబడతాయి. మనం మాటాడాలంటే పక్కన మీట నొక్కాలి. నొక్కకపోతే అది వట్టి సెవి, నోరు కాదు. రోజంతా ఏసే ఉంచీవోరు. నాను ఇదీ అంతే అనుకున్నాను. పుల్లలు ముట్టుకోకపోతే అది పలకదనుకున్నాను, స్విచ్చేత్తే సాలు పలికేత్తాదని తెలవదు. మూడు వారాలుగా సచ్చిన డబ్బానే తడుముతన్నాను, పేణం ఉన్నప్పుడు ఎలా ఉంటాదో ఒక్కసారి సూసి సాయంత్రానికి మావకి జవాబు సెప్పాలని నా ఆత్రం. ఏరియల్ లాగాను. స్విచ్చు ఏసాను. డబ్బా మీదున్న సిన్న ముల్లు లేచి ఊగింది. అబ్బ, బాగుంది అనుకున్నాను.

పైన సప్పుడు మారింది. తల ఎత్తేసరికి విమానం ఎల్లకిలా తిరిగి, ముక్కు కిందకెట్టి, తాటితోపు మీదకి వొచ్చేత్తంది. మావ రెండు బొటనేళ్లూ పుల్లల మీద అలాగే ఉన్నాయి. నాను స్విచ్చు కట్టేసాను. ఎంతసేపు ఉంటాది? కన్ను మూసి తెరిసినంత. తాటిమట్టల్లో పెళపెళమని ఇరిగిన సప్పుడు ఇంకా నా సెవిలో ఉంది. మాస్టారు పరిగెత్తనేదు. మెల్లగా నడుసుకుంటా ఎల్లాడు, సావింటికి ఎల్లినట్టు. నాను కూడా సద్దిబుట్ట కాళీ సేసి అట్టుకెల్లాను, ముక్కలు ఏరడానికి. సెప్పాలి, సెప్పాలి అనుకుంటన్నాను. ఇంతలో మీ మావే అందరి ముందూ అన్నాడు, "నా సెయ్యి జారింది మాస్టారూ. తప్పు నాదే."

నాను నోరు మూసుకున్నాను. తనకి అలాగే అనిపించిందేమో, తన సెయ్యే జారిందనుకుంటన్నాడేమో, అనుకోనీ అనుకున్నాను. నన్ను నువ్వు ఇప్పుడు అలా సూడకు, రాయి. ఇంటికొచ్చాక ఏ డబ్బా మంచిదని నన్ను అడగనేదు. తెల్లది తను ఉంచుకున్నాడు. నల్లదాన్ని అటక మీద పారేసి, "అది పన్జెయ్యదు" అన్నాడు. మాస్టారూ అడగనేదు, మళ్లీ అంత పెద్ద విమానం కట్టనూ నేదు. నాను లోపల్లోపల దేవుడికి దణ్ణం ఎట్టుకున్నాను, తప్పు నా మీదకి రానేదని.

ఆ మాట పోర్టుదాకా ఎల్లింది. విమానం మీద జారిన సెయ్యి క్రేను మీద జారదా, కింద మనుషులుంటారు గదా అని మేస్త్రీ కొన్ని నెలలు మీ మావని క్రేను ఎక్కనివ్వనేదు. కింద నిలబడి సేత్తో సైగలు సేసే పనిలో ఎట్టాడు. మీ మావ నోరెత్తనేదు. మైదానంలో కూడా వేరేవోళ్ల విమానం తన సేతికి ఇచ్చీవోరు కాదు. ఆ సెక్కపలక కాడ కూకోబెట్టారు, క్లిప్పులు కాసుకోవడానికి. కొత్తగా వొచ్చిన ప్రతివోడికీ ముందు అదే సెప్పీవోరు: "జాగ్రత్తరోయ్, సింహాచలం సెయ్యి అయిపోద్ది!" ఆ మాట ఇప్పటికీ ఉంది. తనని సూడనోళ్లు కూడా అంటారు.

మరి నాను ఏటి సేసాను? అందరికన్నా నానే ఎక్కువ అన్నాను. కుండ పగిలినా, సేప మాడినా, సిన్నప్పుడు నీకు జడ వొంకరగా ఏసినా, "విమానం కూల్సినోడివి గదా!" తప్పు నాదని తెలిసిన నోటితోనే. ముందు భయంతో అన్నాను, ఎప్పుడూ తనదే అంటా ఉంటే నాది అవదని. తరవాత అలవాటైపోయింది. ఆఖరికి అదో సరసం. నాను అనడం, తను "అవునే" అని నవ్వడం. బతుకంతా.

పదకొండో రోజున మాస్టారొచ్చాడు. ఇప్పుడాయనకి కళ్లు సరిగ్గా ఆనవు, మనవరాలు సెయ్యి అట్టుకుని తీసుకొచ్చింది. భోజనాలయ్యాక జనం పల్చబడ్డారు. ఆయనతోపాటు మైదానం కుర్రోళ్లు ఇద్దరొచ్చారు. "మామ్మగారూ, వచ్చే ఆదివారం తాతగారి పేరు మీద అందరం కూడుతున్నాం. ఆయన డబ్బా ఒకటిస్తే బల్ల మీద పెట్టి దండేస్తాం" అన్నారు. నాను రెండూ దింపించి తెచ్చాను. ఆ కుర్రోళ్లు వాటిని పసిపిల్లల బొమ్మల్లా సూసారు. ఇప్పటి డబ్బాలకి టీవీ లాంటి అద్దం ఉంటాదంట, బిళ్లలు నేవు, క్లిప్పులు నేవు. వందమంది ఒక్కసారి ఎగరేసినా ఎవరిది వోళ్ల మాటే ఇంటాదంట. మంచిదే. అలాటిది అప్పుడుంటే నా పాపం పుట్టేది కాదు. కానీ నాను మొన్నామజ్జ మీ మావతో ఎల్లి సూసాను గదా, ఎవడి దిక్కున వోడు నిలబడి, ఎవడి అద్దంలో వోడు సూసుకుంటన్నాడు. "నీలం నాది" అని కేకేసీవోడు నేడు. పక్కోణ్ణి అడగక్కర్లేదు గదా మరి.

"ఆ తెల్లదే ఇవ్వండి, ఆయన వాడింది" అన్నాడు ఒక కుర్రోడు. "ఆ నల్లది పనిచెయ్యదంట కదా" అన్నాడు ఇంకొకడు.

మాస్టారు, "మీరు బయట ఉండండి నాయనా" అన్నాడు వోళ్లతో. కళ్లజోడు డబ్బా తెరిసి, మడత గుడ్డలోంచి గోరంత బిళ్ల తీసాడు. నల్లదాన్ని తిరగేసి ఎనకాల తడిమాడు. అక్కడో కన్నం, కాళీగా ఉంది. బిళ్లని అందులో ఎట్టి బొటనేలితో నొక్కాడు. టిక్కుమంది.

"పనిచెయ్యకపోవడమేంటమ్మా," అన్నాడు. "ఇది లేకుండా ఏ డబ్బా పనిచేస్తుంది? ఆ రోజు నువ్వు ముక్కలు ఏరుతుంటే సింహాచలం దీన్ని పీకి నా చేతిలో పెట్టాడు. మీ దగ్గరే ఉంచండి మాస్టారూ అన్నాడు. ఇన్నాళ్లూ ఉంచాను. ఇది అతని వస్తువు, అతని ఇంటికి తెచ్చాను."

"ఎందుకు పీకాడండీ?" అన్నాను.

"నీ ఒళ్లో ఏరియల్ నిలబడి ఉందమ్మా. స్విచ్చు కట్టేశావు గానీ ఏరియల్ మర్చిపోయావు. మేమిద్దరం చూశాం."

సుజాతా, నువ్వు వొంటింట్లో ఉన్నావు, నీకు తెలవదు. సూసారంట. ఇద్దరూ.

"ఈ మాట మా అమ్మ నోట్లో పడితే నా పెళ్లాన్ని బతకనివ్వదు మాస్టారూ అన్నాడు. మన మైదానం వాళ్లు దాన్ని ఇంక ఈ ఇసకలోకి రానివ్వరు అన్నాడు. నా చెయ్యి జారిందనే ఉండనివ్వండి, చెయ్యే కదా అన్నాడు. నేను సరే అన్నాను. నా విమానం కదా పోయింది, నాకూ కోపం ఉంది, అబద్ధం చెప్పను. కానీ నీ మొహం చూశాక ఏమనలేకపోయాను."

"మరి నాతో... నాతో ఒక్కసారన్నా అనకూడదా? ఇన్నేళ్లు నాను తిట్టాను గదండీ!"

మాస్టారు కళ్లజోడు డబ్బా మూసాడు. తరవాత అన్నాడు, "నేనూ అడిగానమ్మా ఒకసారి. 'అదే సెప్తాది మాస్టారూ, ఎప్పుడో ఒకప్పుడు. నానెందుకు తొందరెట్టడం' అన్నాడు."

సెప్తానని ఎదురు సూసాడంట. నాను అన్న ప్రతిసారీ, ఇప్పుడు సెప్తాదేమో అని నా మొహంలోకి సూసాడన్నమాట. ఆ నవ్వు అదన్నమాట. నానేమో సరసం అనుకున్నాను. క్రేను మీంచి దింపీసినప్పుడు సూసాడు. కుర్రోళ్లు ఎక్కిరించినప్పుడు సూసాడు. ఎన్నేలసార్లు నాకు దారి ఇచ్చాడు, ఎన్నేలసార్లు నాను దానికి అడ్డంగా నిలబడ్డాను! పక్కనే పడుకున్న మనిషి, నా వంట తిన్న మనిషి, నా తప్పు కడుపులో ఎట్టుకుని తిరిగాడంటే నాకు ఇప్పటికీ నమ్మకం కుదరతానేదు. కోపం కూడా ఒత్తంది, సావగొట్టాలనిపిత్తంది. ఎవర్ని కొట్టను?

ఆదివారం అందరూ కూడతారు. మంచి మనుషులే. మీ మావ గురించి మంచిగానే మాటాడతారు. మాటాడి, మాటాడి, ఎవడో ఒకడు నవ్వుతా ఆ పాతకత ఎత్తుతాడు, సింహాచలం సెయ్యి అని. అందరూ పేమగా నవ్వుతారు. సచ్చినోడి పేరు మీద అదొక్కటీ ఉండిపోద్ది. జారని సెయ్యి అది. ఒక్కసారి కూడా జారనేదు.

అందుకని నాను తేల్సుకున్నాను. తెల్లది ఇంట్లోనే ఉంటాది. నల్లది అట్టుకెల్లి బల్ల మీద ఎడతాను. ఇదేటి మామ్మా, పన్జెయ్యనిది తెచ్చావని అడుగుతారు గదా. అడగాలి. అప్పుడు నువ్వు లేచి ఈ కాయితం సదువు. నాను పక్కనే నిలబడతాను, కూకోను. నా నోటితో సెప్దామంటే మాస్టారి ముందు నా వల్ల కాదు.

ముందు నాకు సదివి ఇనిపించు. మొదట్నించీ. ఎక్కడన్నా అత్త పరువని మెత్తగా రాసావో, ఇనగానే తెలిసిపోద్ది నాకు. నాను స్విచ్చు ఏసాను అన్న కాడ గొంతు తగ్గించకు, అక్కడ మైదానంలో గాలుంటాది, ఎనకోళ్లకి ఇనబడదు. ఊఁ, సదువు.